ర్యామ్ ధరకు హన్మకొండ దుకాణాలను తిట్టి లాభం లేదు

వరంగల్ ఇంజినీరింగ్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం జోరుగా తిరుగుతోంది. అందులో మూడు ఆరోపణలున్నాయి. ర్యామ్‌ను మన దుకాణదారులే దాచిపెట్టి ధర పెంచారట. మెమరీ చిప్‌లు తయారుచేసే శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ కుమ్మక్కై ఫ్యాక్టరీలు మూసేశాయట. గుజరాత్‌లో మన ఫ్యాక్టరీ వచ్చేసింది కాబట్టి ఆరు నెలలు ఆగితే సగం ధరకే దొరుకుతుందట. మూడూ తప్పే. చివరిదాన్ని నమ్మితే నష్టపోయేది ప్రాజెక్టు గడువు ముంచుకొస్తున్న విద్యార్థి.

దుకాణదారుల సంగతి ముందు తేల్చేద్దాం. హన్మకొండలో కంప్యూటర్ విడిభాగాలు అమ్మే చిన్న దుకాణానికి వెళితే కొటేషన్ మీద ‘ఈ రోజుకు మాత్రమే’ అని రాసిస్తున్నారు. డిస్ట్రిబ్యూటర్ రేపు ఏ రేటు చెబుతాడో వాళ్లకే తెలియదు. అద్దాల బీరువాలో నాలుగైదు ర్యామ్‌లు పెట్టుకుని అమ్మే మనిషి ప్రపంచ ధరను శాసించగలడా? 2025 చివరి నెలల్లో ఈ ధరలు అమెరికాలోనూ భగ్గుమన్నాయి.

కుమ్మక్కు అనుమానం మాత్రం గాలిలోంచి పుట్టింది కాదు. 1999–2002 మధ్య ధరలు కూడబలుక్కున్నందుకు 2005లో అమెరికాలో హైనిక్స్‌కు (ఇప్పటి ఎస్‌కే హైనిక్స్) 18.5 కోట్ల డాలర్లు, శాంసంగ్‌కు 30 కోట్ల డాలర్లు జరిమానా పడింది. ఆ మచ్చ చెరిగేది కాదు. అయితే ఇప్పటి కొరతకు కుమ్మక్కు అక్కర్లేదు, పోటీయే చాలు. 1992 నుంచి డీర్యామ్‌లో, అంటే ర్యామ్‌లో వాడే మెమరీ చిప్‌లలో, మొదటి స్థానం శాంసంగ్‌దే. 2025 మొదటి త్రైమాసికంలో ఆదాయంలో ఎస్‌కే హైనిక్స్ దాన్ని దాటేసిందని మార్కెట్ పరిశోధన సంస్థ కౌంటర్‌పాయింట్ లెక్కకట్టింది. దాటించింది హెచ్‌బీఎం: మెమరీ చిప్‌లను అంతస్తులుగా పేర్చి ఏఐ ప్రాసెసర్ పక్కనే అమర్చే రకం. ఎన్విడియా వంటి కంపెనీలు దీనికి ఎంతైనా ఇస్తాయి. పోయిన వాటా కోసం శాంసంగ్, పెరిగే వాటా కోసం మైక్రాన్ ఇటే పరుగెత్తాయి.

అసలు చిక్కు ఇక్కడుంది. అంతే మెమరీ తయారుచేయడానికి, కంప్యూటర్లలో వాడే కొత్త తరం ర్యామ్ డీడీఆర్5 కంటే హెచ్‌బీఎంకు దాదాపు మూడు రెట్లు సిలికాన్ వేఫర్లు (చిప్‌లను తయారుచేసే పలుచని బిళ్లలు) పడతాయని మైక్రాన్ స్వయంగా చెప్పింది. అటు మళ్లిన ప్రతి వేఫరూ మన ల్యాప్‌టాప్‌ల వాటాలోంచి పోయిందే. 2025 డిసెంబరులో మైక్రాన్ ‘క్రూషియల్’ పేరుతో వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఇది లాభాపేక్ష, దాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. సామాన్యుడిని ఇలా వరుస చివరకు నెట్టడం బాధాకరమే. కానీ ఫ్యాక్టరీలు మూసేశారన్నది అబద్ధం. 2023లో సరుకు పేరుకుపోయి ధరలు కుప్పకూలినప్పుడు శాంసంగ్ చిప్ విభాగం సుమారు 15 లక్షల కోట్ల వోన్లు నష్టపోయింది. అప్పుడు ఉత్పత్తి తగ్గించారు. ఇప్పుడు పెంచాలన్నా, కొత్త ఫ్యాక్టరీ కట్టి వేఫర్ బయటకు రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇక గుజరాత్. సనంద్‌లోని ప్లాంటు మైక్రాన్‌దే, సందేశం తిట్టిపోసిన మూడింటిలో ఒకటి! అక్కడ జరిగేది బయటి నుంచి వచ్చిన వేఫర్లను కోసి, ప్యాకేజీ చేసి, పరీక్షించే పని. వేఫర్ మీద మెమరీని తయారుచేసే పని అక్కడ లేదు. ధోలేరాలో తైవాన్‌కు చెందిన పీఎస్‌ఎంసీతో కలిసి టాటాలు కడుతున్నది 28 నానోమీటర్ల తరం, అంతకంటే పాత తరాల చిప్‌ల కోసం: విద్యుత్తును నియంత్రించేవి, డిస్‌ప్లేలను నడిపేవి, మైక్రోకంట్రోలర్లు. రెండూ దేశానికి కావలసినవే. మీ ర్యామ్ ధరను ఆరు నెలల్లో సగం చేసే శక్తి మాత్రం వాటికి లేదు.

ప్రాజెక్టుకు నిజంగా అవసరమైతే ఆగకండి. ముందు ల్యాప్‌టాప్‌లో ఖాళీ స్లాట్ ఉందో, ర్యామ్ బోర్డుకే అతికించి ఉందో చూడండి. సీనియర్ల పాత సిస్టమ్ నుంచి తీసిన ర్యామ్ దొరికితే పరీక్షించుకుని తీసుకోండి. పాత తరం డీడీఆర్4 ముక్కను డీడీఆర్5 స్లాట్‌లోకి బలవంతంగా నొక్కకండి, రెండింటి గాడి ఒకే చోట ఉండదు.