రెండు వేళ్ల సందు

(ఆదివారం మధ్యాహ్నం. సుబ్బారావు అన్నం వడ్డించుకుని వంటింటి వైపు చూస్తున్నాడు.)

సుబ్బారావు: కామాక్షీ, కాలిన వాసన వచ్చి పావుగంట దాటింది. వంకాయ పచ్చడి ఏదీ?

కామాక్షి: వంకాయ ఎవరు కాల్చారు? నేను తాడు కాలుస్తున్నాను.

సుబ్బారావు: తాడా! అది చేసిన పాపమేమిటి?

కామాక్షి: జనపనార తాడండీ. నూగు ఉంటే గుచ్చుకుంటుంది. మంట మీద చకచకా లాగి, తరువాత నూనె చేత్తో నిమరాలి. చెల్లెలి బొటిక్ ప్రదర్శనకు జపాను వాళ్ల షిబారి పద్ధతిలో చుడీదారు మీద అలంకారంగా కడతానని మాటిచ్చాను.

సుబ్బారావు: షిబారి అంటే?

కామాక్షి: కట్టడం.

సుబ్బారావు: ఇంతేనా? మా తాత రోజూ గేదెను కట్టేవాడు.

కామాక్షి: ఆ గేదె ఏ వేదిక మీదా నడవలేదు. లేవండి, నా వీపు నాకు కనిపించదు. మీ మీదే సాధన.

సుబ్బారావు: జపానులో పూర్వం, ఎడో కాలమనే రోజుల్లో, నేరస్థులను తాళ్లతో బంధించడానికే హోజోజుత్సు అని ఒక విద్య ఉండేదట. నన్ను దేనికి అరెస్టు చేస్తున్నట్టు?

కామాక్షి: నిన్న జున్ను తిన్నదెవరు? అయినా ఆ తాడు అక్కడే ఆగలేదు లెండి. మధ్యలో పడకగదికి కూడా వెళ్లి, ఇప్పుడు ఫ్యాషన్‌లోకి వచ్చింది.

సుబ్బారావు: (ఆసక్తిగా) పడకగదికా?

కామాక్షి: చేతులు ఎత్తండి. 6 మిల్లీమీటర్ల లావు, 8 మీటర్ల పొడుగు. సరిగ్గా సగానికి మడిచి, మడతను మెడ వెనక ఉంచి, రెండు పేటలూ ముందుకు వదలాలి. గొంతు చుట్టూ మాత్రం బిగించకూడదు. గుండె మీద ఒక ముడి, కింద ఇంకొకటి, బొడ్డు దగ్గర మూడోది.

సుబ్బారావు: మూడు ముళ్లా? నాకు అనుభవం ఉంది.

కామాక్షి: రెండోదానికే చేతులు వణికితే మూడోది మీ అక్కయ్య వేసింది! కదలకండి. కొసలను వీపు మీదుగా మెడ మడతలో దూర్చి, చంకల కింద నుంచి ముందుకు తెచ్చి, ముడికీ ముడికీ మధ్య దూర్చి పక్కలకు లాగితే... చూడండి, గడి విచ్చుకుంది!

సుబ్బారావు: కాజూకట్లీలా ఉంది.

కామాక్షి: దీన్ని హిషి అంటారు. ఆరు మూలలు వస్తే కిక్కో, తాబేటి డిప్ప.

సుబ్బారావు: పైది కాజూకట్లీ సరే, కిందది చాపలా పరుచుకుందేమిటి?

కామాక్షి: అది తాడు తప్పు కాదు. ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాగండి. ఆ, తాడు కింద రెండు వేళ్లు దూరుతున్నాయి. అంత సందు లేకపోతే నరాలు నొక్కుకుంటాయి. ఫోటో తీసి విప్పుతాను. ఫోను ఛార్జింగులో ఉంది, పది నిమిషాలు ఓపిక పట్టండి.

(పది నిమిషాల్లో సుబ్బారావు రెండుసార్లు పప్పు, ఒకసారి పులుసు కలిపాడు.)

కామాక్షి: అయ్యో! ఇప్పుడు చిటికెన వేలు కూడా దూరడం లేదు. ముళ్లన్నీ పీటముళ్లయ్యాయి. కత్తెర పక్కనే పెట్టుకోమన్నది ఇందుకే.

సుబ్బారావు: ఆగు! ఆ తాడు వెల ఎంత?

కామాక్షి: మీ మూడు బనియన్ల ఖరీదు.

సుబ్బారావు: అయితే కత్తెర లోపల పెట్టు. వాము నీళ్లు తీసుకురా. అరిగేదాకా ఇలాగే కూర్చుంటాను.

కామాక్షి: మరి పెరుగన్నం?

సుబ్బారావు: (కాసేపు ఆలోచించి) సగం వెయ్యి.