పసుపు పాలలో మిరియాల సంగతి

రోజూ రాత్రి చెంచాడు పసుపు కలిపిన పాలు తాగితే కీళ్ల వాపు తగ్గిపోతుందని పసుపు పాల గురించిన ఒక వ్యాసంలో చదివాను. పసుపు మీద నాకూ గౌరవమే గానీ, లెక్క మాత్రం కుదరడం లేదు. పసుపులో వాపు తగ్గించే గుణానికి మూలమని చెప్పే కర్క్యుమిన్ అనే పదార్థం సుమారు 3 శాతం, అంటే 3 గ్రాముల చెంచాలో 90 మిల్లీగ్రాములు. అది నీటిలో దాదాపు కరగదు, పేగులు పీల్చుకున్న కాస్తంతనూ కాలేయం త్వరగా మార్చి బయటకు పంపేస్తుంది. మా బెంగళూరులోనే సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో, 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు మిరియాల ఘాటుకు కారణమైన పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు, రక్తానికి అందే భాగం 2000 శాతం పెరిగింది. మల్లేశ్వరంలో మా అమ్మమ్మ దగ్గు చేసినప్పుడల్లా మరిగే పాలలో పసుపుతో పాటు నాలుగు మిరియాలు కచ్చాపచ్చాగా దంచి వేసేది, గ్లాసు అడుగున మిగిలిన పచ్చటి మడ్డిని కూడా వదలనిచ్చేది కాదు. అయితే ఇదే పైపరిన్ ఫెనిటాయిన్ వంటి మూర్ఛ మందుల మోతాదునూ రక్తంలో పెంచగలదు కనుక, అలాంటి మందులు వాడేవారు పైపరిన్ కలిపిన పసుపు మాత్రలు కొనేముందు వైద్యుణ్ణి అడగాలన్న ఒక్క వాక్యమైనా వ్యాసంలో ఉండవలసింది.