ఒకటి అంటే ఎన్ని లక్షలు?

నిన్న బెంగళూరులో వైట్‌ఫీల్డ్ అవతల మా బావ కొత్త ఫ్లాట్ గృహప్రవేశం. ఒళ్లు మండటం ఇంకా తగ్గలేదు, తగ్గకముందే రాసేస్తున్నా.

నేనొక రాహుకాలం యాప్ చేశాను. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది అని అందరికీ నోటికొచ్చు. అది ఆరింటికి పొద్దుపొడిచే లెక్క. జనవరిలో బెంగళూరు సూర్యుడు ఆరున్నర దాటితేగానీ రాడు, కాబట్టి ఆ నెలలో అది ఎనిమిది దాటాకే మొదలవుతుంది. ఏ ఊరికి ఆ ఊరి లెక్క నిమిషాలతో సహా చెప్పే యాప్. వెల 99 రూపాయలు.

బావ అప్పటికప్పుడే లెక్క కట్టాడు. "2011 జనాభా లెక్కల్లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 8.46 కోట్లు. నూటికొక్కడు కొన్నా ఎనిమిది కోట్లు దాటుతుందిరా!" నూటికి ఒక్కడేనట, ఆయన వినయం చూడండి. వియత్నాం కుర్రాడొకడు ఫ్లాపీ బర్డ్ అనే పక్షి ఆట పెట్టి రోజుకు 50 వేల డాలర్లు సంపాదించాడని కూడా చెప్పాడు. ఆ గోల తట్టుకోలేక 2014 ఫిబ్రవరిలో ఆ కుర్రాడే ఆటను తీసేశాడన్న ముక్క మాత్రం చెప్పడు. నా యాప్ ఉన్న గూగుల్ ప్లే స్టోర్ వాడి కమీషన్ ఏడాదికి మొదటి పది లక్షల డాలర్ల దాకా 15 శాతం, ఆపైన 30. ఆ 30 శాతం ఎంత అన్యాయమోనని ఒక రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరే, వ్రతం అయింది, భోజనాలయ్యాయి. బావ నా ఫోన్ లాక్కుని గోడమీది కొత్త టీవీకి కలిపేశాడు.

"మావాడి అమ్మకాలు లైవ్‌లో చూడండి!"

తెర నిండా గ్రాఫ్. ఆ గ్రాఫ్‌కి ఒక జబ్బుంది. అమ్ముడైంది లక్షయినా ఒకటయినా, ఉన్నదాన్ని పైఅంచు దాకా సాగదీసి చూపిస్తుంది. అడుగున నేలబారుగా వచ్చిన గీత మంగళవారం నాడు ఒక్కసారిగా ఎవరెస్ట్‌లా లేచింది. "అబ్బో" అన్నారు నలుగురూ. పక్కన అంకెలు 0, 0.25, 0.5, 0.75, 1. యాప్‌ను ముప్పావు వంతు కొనేవాడు ఎవడుంటాడండీ? అది డిజైన్ చేసిన మహానుభావుడు దొరికితే ముప్పావు కప్పు కాఫీ ఇప్పించి పంపాలని ఉంది.

బావ వాళ్ల బాబాయి గారు గుంటూరు నుంచి వచ్చారు. కళ్లజోడు సవరించుకుని టీవీ దగ్గరకెళ్లి శిఖరం మీద వేలు పెట్టారు. "మావయ్యగారూ, మరకలు పడతాయి" అని అక్క అంటూనే ఉంది.

"ఒకటి అని ఉంది. ఒకటంటే లక్షా, కోటా?"

బ్యాంకులో రిటైరైన ఒకాయన అందుకున్నారు. "కోట్లయితే కింద రాస్తారండీ. లక్షల్లోనే."

"డాలర్లేమో," అన్నారు సోఫాలోంచి ఎవరో.

అందరూ నా వైపు చూశారు. నోట్లో కిళ్లీ ఉంది కదా అని తలూపాను. ఆ ఊపుడు అవునో కాదో నాకే తెలీదు. ఆ అరనిమిషంలో ఒకావిడ మా గోత్రం అడిగారు, ఇంకొకావిడ నక్షత్రం అడిగారు. గోత్రం చెప్పేశాను కూడా.

మా మేనకోడలు ఎనిమిదో తరగతి. "తాతయ్యా, ఒకటి అంటే ఒకటే. ఒక్క మనిషి కొన్నాడు."

2008లో ఎర్రగా మెరిసే రాయి బొమ్మ తప్ప ఇంకేమీ లేని 'ఐ యామ్ రిచ్' అనే యాప్‌ను 999.99 డాలర్లకు పెడితే, ఆపిల్ తీసేసేలోపే ఎనిమిది మంది కొన్నారు. అదెందుకో అప్పుడే గుర్తొచ్చింది నాకు.

"ఆ మనిషిని నేనేనండీ," అన్నారు పంతులుగారు, దక్షిణ సంచిలో సర్దుకుంటూ. ముహూర్తం పెట్టించుకోవడానికి వెళ్లినప్పుడు బావ అంటగట్టాడట.

అక్కడితో ఆగినా బాగుండేది. పిల్ల రాబడి అన్నచోట నొక్కింది. మంగళవారం 84.15. బుధవారం మైనస్ 84.15.

"మావయ్యా, మైనస్ ఏంటి?"

పంతులుగారు దగ్గారు. "మా పంచాంగానికీ దానికీ రెండు నిమిషాలు తేడా వచ్చింది బాబూ. వాపసు నొక్కాను."

యాప్ పెట్టడానికి నా గుర్తింపు కార్డు కావాలి, అడ్రసు కావాలి. పన్నెండు మంది పద్నాలుగు రోజులు ఆపకుండా టెస్ట్ చేశారని చూపించాలి. ఆ పన్నెండు మందిలో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి రోజూ టీ పోయించాను, యాప్ తీసేయకుండా ఉంచుతాడని. కొన్నాయన 48 గంటల్లోపు వద్దనుకుంటే మాత్రం పని ఇట్టే అయిపోతుంది. రెండు నిమిషాల తేడా కూడా కారణమే! తేడా ఉండాలనే కదండీ యాప్ చేసింది?

గోత్రం అడిగినావిడ పెరుగన్నం బాగుందని మాట మార్చేశారు. బావ టీవీలో క్రికెట్ పెట్టాడు.

బాబాయి గారికి జాలేసింది. "నాకు ఫ్రీగా ఇవ్వవయ్యా, నేను వాడతాను." అక్కడే ప్రోమో కోడ్ పంపాను.

పొద్దున్నే ఫోన్. "నీ కోడ్ పని చేయట్లేదు."

"మీదే ఫోను బాబాయి గారూ?"

"ఐఫోన్. మా అబ్బాయి పంపాడు."

ఐఫోన్‌లో పెట్టాలంటే నేను ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. నేను అమ్మేది 99 రూపాయలకి. వంద మందికి పైగా కొని, ఎవరూ వాపసు నొక్కకపోతే ఫీజు మాత్రం వెనక్కొస్తుంది. ఇదంతా ఆయనకు ఓపిగ్గా చెప్పాను.

"అంత ఖర్చెందుకులే," అన్నారాయన. "రోజూ పొద్దున్నే టైము వాట్సాప్‌లో పెట్టెయ్. మాది గుంటూరు, బెంగళూరు టైము పెట్టేవు."