"మాత్రలు మానేసుంటాడు" అనేసి చేతులు దులుపుకోకండి

బైపోలార్ (కొన్నాళ్ళు పట్టలేని ఉరకలు, కొన్నాళ్ళు లోతైన దిగులు వచ్చే మానసిక జబ్బు) ఉన్న మనిషికి జబ్బు మళ్ళీ తిరగబెట్టిందని తెలియగానే చుట్టాలంతా ఒకటే మాట అంటారు: "మాత్రలు మానేసుంటాడు." తప్పంతా వాడి మీదకి తోసేసి ఫోన్ పెట్టేస్తారు. నేను బెంగళూరులో ఈ జబ్బున్న తమ్ముడితో కలిసి ఉంటున్న అక్కని. ఈ పోస్టు వాడికి చదివి వినిపించి, వాడు సరేనన్నాకే పెడుతున్నాను.

మాత్రలు మానేస్తే తిరగబెడుతుందన్నది నిజమే. లిథియం లాంటి మందు ఉన్నట్టుండి ఆపేస్తే కొన్ని నెలల్లోనే మేనియా, అంటే ఆ ఉరకల దశ, వచ్చే ప్రమాదం బాగా పెరుగుతుంది. కానీ ఆ మాత్రలు మాన్పించేది ఎవరు? "బాగానే ఉన్నావుగా, ఇంకా ఎన్నాళ్ళు మింగుతావురా" అనే పెదనాన్న. "సంబంధం ఖాయమయ్యేదాకా ఆ డబ్బా ఎవరికంటా పడనీయకు" అనే మేనత్త. ఇంటికొచ్చిన అమ్మాయి తరఫువాళ్ళకి కాఫీ అందిస్తుంటే మా వాడి చెయ్యి వణికి కప్పు సాసర్‌లో టకటకా కొట్టుకుంది. ఆ రాత్రి నుంచే వాడికి ఆ మాత్రంటే విరక్తి. లిథియం వాడేవాళ్ళలో చెయ్యి సన్నగా వణకడం మామూలే. డోసు సర్దితేనో, వేరే మందు ఇస్తేనో చాలామందికి తగ్గుతుంది. కానీ ఐదు నిమిషాల్లో "నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, సరే మూడు నెలలకి రండి" అని పంపించేస్తే ఆ వణుకు, ఆ దాహం, పెరిగిన బరువు ఎవరితో చెప్పుకుంటాడు?

అసలు నేను మాట్లాడాలనుకున్నది నిద్ర గురించి. మందు ఒక్క పూట తప్పకుండా వేసుకుంటున్నా, వరసగా కొన్ని రాత్రులు నిద్ర చెడితే మేనియా తన్నుకురావచ్చు. నిద్ర తగ్గడం ఈ జబ్బు లక్షణమే కాదు, జబ్బుని రప్పించే కారణం కూడా. నిద్ర లేకపోతే మర్నాడు మనకి కళ్ళు మండుతాయి, తల వాలిపోతుంది. మా వాడు తిరగబెట్టబోయే ముందు మూడు గంటలు పడుకుని లేచి రోజంతా ఉరకలేస్తాడు. తెల్లవారుజామున వంటింట్లో డబ్బాలన్నీ కింద దించుకుని, పప్పులన్నీ సీసాల్లోకి మార్చి, ఒక్కోదానికీ పేరు రాసి చీటీ అతికిస్తూ కనబడితే నాకు గుండెల్లో రాయి పడుతుంది. అదే చూసి బయటివాళ్ళు "ఎంత హుషారుగా ఉన్నాడో" అని మెచ్చుకుంటారు.

ఇక ఈ ఊళ్ళో మనవాళ్ళ బతుకు చూడండి. అమెరికా వేళలకి ఉద్యోగం, ఈ వారం రాత్రి షిఫ్టు, పై వారం పగలు. శుక్రవారం రాత్రి మారతహళ్ళిలో బస్సెక్కి తెల్లారేసరికి నెల్లూరో ఒంగోలో చేరడం, ఆదివారం రాత్రి మళ్ళీ బస్సు, సోమవారం దిగి స్నానం చేసి నేరుగా ఆఫీసు. మధ్యలో పెళ్ళి ఉంటే ముహూర్తం చాలాసార్లు అర్ధరాత్రి దాటాకే. పైగా స్నేహితులు బలవంతాన పోసే బీరు. వరసగా మూడు రాత్రుల నిద్ర పాడైనట్టే. రాత్రి షిఫ్టు వద్దని డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకెళ్తే తమ్ముడి ఆఫీసులో "టీమ్‌లో అందరూ చేస్తున్నారుగా" అన్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని కూడా అందులోనే ఉంది. షుగర్ ఉన్నవాడు ఇన్సులిన్ వేసుకోవడానికి లేస్తే ఎవరూ మొహం చిట్లించరు. మా వాడు పదింటికి పడుకోవాలంటే మాత్రం బద్ధకం అంటారు.

ఇంకోటి. దిగులుగా ఉందని సందు చివర క్లినిక్‌కి వెళ్ళి, పాత మేనియా సంగతి దాచిపెట్టి, డిప్రెషన్ మాత్రలు తెచ్చుకునేవాళ్ళున్నారు. మూడ్ స్టెబిలైజర్ (లిథియం లాంటి, మనసుని నిలకడగా ఉంచే మందు) లేకుండా అవొక్కటే వాడితే కొందరిని మేనియాలోకి తోసేస్తాయి. దయచేసి డాక్టరు దగ్గర దాచకండి. అలాగే బైపోలార్ ఉన్న ఆడవాళ్ళకి ప్రసవం తర్వాతి వారాలు చాలా ప్రమాదం. రాత్రిపూట బిడ్డని ఇంట్లోవాళ్ళు వంతులేసుకుని చూడాలి, బాలింతని పడుకోనివ్వాలి.

దెప్పిపొడుపులు ఎక్కువున్న ఇళ్ళలో జబ్బు ఎక్కువగా తిరగబెడుతుందని పరిశోధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. అతి కాపలా కూడా మంచిది కాదు. గట్టిగా నవ్వినా "మళ్ళీ మొదలైందా" అన్నట్టు చూస్తే మనిషి ఎలా బతుకుతాడు? ఇక్కడి మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్ ఓపీలో కూర్చున్నప్పుడు అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు మాట కలుపుతుంటారు. ఒకావిడ తన కూతురి గురించి చెప్పింది: "మాత్ర మింగినావా అని ఇంట్లో అందరూ అడుగుతారు, అన్నం తిన్నావా అని ఎవరూ అడగరని ఏడుస్తుందమ్మా."

వచ్చే మాఘంలో మా పిన్ని కూతురి పెళ్ళి. ముహూర్తం రాత్రి రెండింటికి. తమ్ముడు సాయంత్రం రిసెప్షన్‌కి వచ్చి, అందరితో కలిసి భోంచేసి, పదింటికల్లా గదికెళ్ళి పడుకుంటాడు. పీటల దగ్గర కనబడలేదేమని అడగాలనుకున్నవాళ్ళు వాణ్ణి లేపకండి, నన్ను అడగండి.