ముందు కన్ను, తర్వాతే చెవి

2005లో అమెరికాలోని ఒక అప్పీలు కోర్టులో గమ్మత్తైన వాదన ఒకటి నడిచింది. వాది గిబ్సన్ గిటార్ల కంపెనీ, ప్రతివాది మేరీల్యాండ్‌కు చెందిన పాల్ రీడ్ స్మిత్ కంపెనీ. తమ లెస్ పాల్ మోడల్ ఆకారాన్ని పోలిన గిటార్‌ను వాళ్లు తయారుచేసి అమ్ముతున్నారన్నది గిబ్సన్ ఫిర్యాదు. దుకాణంలో చేత్తో పట్టుకుని కొనేవాడు ఈ రెండింటి మధ్య పొరపడే అవకాశం లేదని గిబ్సన్ వైపువాళ్లే ఒప్పుకున్నారు. మరి నష్టం ఎక్కడ జరిగినట్టు? పొగ కమ్మిన బారులో, దూరాన వేదిక మీద వాయిస్తున్నవాడి చేతిలో ఉన్నది గిబ్సనే అని జనం అనుకుంటారట. అదీ నష్టం! ఈ ‘పొగబారు సిద్ధాంతం’ కోర్టుకు రుచించలేదు. గిబ్సన్ ఓడిపోయింది.

చట్టం మాట ఎలా ఉన్నా, మనుషుల విషయంలో గిబ్సన్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమని నా అభిప్రాయం. గిటార్ మీద మోజు పుట్టేది ఆ దూరంలోనే, ఆ మసక వెలుతురులోనే. అప్పటికి మన చెయ్యి దాన్ని తాకి ఉండదు. దాని సొంత గొంతు ఏమిటో చెవికీ తెలియదు. కనిపించేదల్లా ఒక ఆకారం, ఒక రంగు, దాన్ని మెడలో వేసుకుని నిలబడ్డ మనిషి.

అయినా ఫలానా కంపెనీ గిటార్ ఎందుకిష్టమని వాయించేవాళ్లను ఎవరినైనా అడిగి చూడండి. ఫెండర్ ఎందుకంటే దాని నాదం గంట కొట్టినట్టు ఉంటుందంటారు. గిబ్సన్ ఎందుకంటే స్వరం ఎక్కువసేపు నిలుస్తుందంటారు. మార్టిన్ అయితే మంద్రం గంభీరంగా పలుకుతుందంటారు. అందరిదీ చెవి సాక్ష్యమే. పదిహేనేళ్ల వయసులో ఒక పోస్టర్ చూసి మనసు పారేసుకున్నానని చెప్పేవాళ్లు అరుదు. పెళ్లిచూపుల్లో అబ్బాయికి అమ్మాయి నచ్చేశాక, జాతకాలు బ్రహ్మాండంగా కలిశాయని పెద్దలు చెప్పుకున్నట్టే ఇదీ. జాతకాలు కలవలేదని కాదు. వాటిని చూసింది మాత్రం తర్వాతే.

బ్రిటన్‌లో 1950లలో అమెరికన్ గిటార్లు దొరికేవి కావు. విదేశీ మారకం కొరత వల్ల దిగుమతుల మీద ఆంక్షలు ఉండేవి. గాయకుడు క్లిఫ్ రిచర్డ్ బృందంలో హ్యాంక్ మార్విన్ అనే కుర్రాడు గిటార్ వాయించేవాడు. అమెరికాలో జేమ్స్ బర్టన్ వాయించే తీరంటే వీళ్లకు ప్రాణం. ఆయన దగ్గర ఉన్నది ఫెండర్ అని తెలుసు, ఏ మోడలో తెలియదు. అంత గొప్పగా వాయించేవాడు అన్నిటికన్నా ఖరీదైనదే వాడుతుండాలని లెక్క వేసుకుని, కేటలాగు తిరగేసి, ఎర్ర రంగులో బంగారు పూత బిగింపులతో మెరిసిపోతున్న స్ట్రాటోకాస్టర్ మోడల్‌ను 1959లో తెప్పించారు. డబ్బు పెట్టింది క్లిఫ్ రిచర్డ్. అసలు విషయం ఏమిటంటే, బర్టన్ వాయించేది టెలికాస్టర్! వేరే గిటార్, వేరే గొంతు, ధరా తక్కువే. కానీ అప్పటికే మార్విన్ చేతిలోని ఆ ఎర్ర గిటార్‌ను చూసి బ్రిటన్‌లో ఒక తరం కుర్రాళ్లకు నిద్ర పట్టడం మానేసింది. ఫెండర్ పట్ల వాళ్ల జీవితకాలపు భక్తికి మూలం, కేటలాగు ముందు కూర్చుని వేసిన ఒక తప్పుడు లెక్క.

ఇంకో చమత్కారం, ఆ గిటార్‌ను రూపొందించిన లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. కాలిఫోర్నియాలోని ఫులర్టన్‌లో రేడియోలు బాగుచేసుకునే మనిషి. గిటార్ మెడను అతికించకుండా మరలతో బిగించాడు, పాడైతే విప్పి మార్చుకోవచ్చని. అది రిపేరు షాపు బుద్ధి, సంగీతకారుడి బుద్ధి కాదు. 1965 మొదట్లో కంపెనీని సీబీఎస్ అనే ప్రసార సంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మేశాడు. అంతకుముందు తయారైన ప్రతి ముక్కనూ ఈనాటికీ విగ్రహంలా చూసుకునేవాళ్లున్నారు. పనితనం తర్వాత పడిపోయిన మాట నిజమే, కానీ అమ్మకం పత్రాల మీద సంతకం అయిన మర్నాడే కొయ్య గొంతు మారిపోయిందన్నట్టు మాట్లాడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

ప్రేమకు మరో కారణం ఉంది, దాన్ని ఇంకా తక్కువమంది ఒప్పుకుంటారు. అది ధర. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్‌నీ పేరు చెప్పగానే కళ్లముందు మెదిలేది వయొలిన్ ఆకారంలోని హోఫ్నర్ బేస్ గిటార్. 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో కొన్నాడు, సుమారు 30 పౌండ్లకు. ఫెండర్ కొనే స్తోమత అప్పుడు లేదు. పైగా ఆయనది ఎడమచేతి వాటం. రెండు వైపులా ఒకే తీరుగా ఉన్న ఆ గిటార్‌ను తిరగేసి పట్టుకున్నా ఎబ్బెట్టుగా ఉండదు. చవక, చూడ్డానికి కుదురు, అంతే. 1964 ఫిబ్రవరిలో అమెరికా టీవీలో బీటిల్స్ కనిపించాక, ఆ ముప్పై పౌండ్ల గిటార్ కొందరి జీవితాశయం అయిపోయింది.

ఆ గాలి మన దేశం దాకా వీచింది. తొంభైలలో మన ఊళ్లలో గిటార్ నేర్చుకున్నవాళ్లకు గివ్‌సన్, హోబ్‌నర్ అనే పేర్లు గుర్తుండే ఉంటాయి. రెండూ స్వదేశీ గిటార్లే. గివ్‌సన్ కోల్‌కతా సరుకు. ఏ ఒరిజినల్ పేర్లను తలపించడానికి అవి పుట్టాయో వేరే చెప్పనక్కర్లేదు. అసలు గిబ్సన్‌ను కంటితో చూసినవాడు మా వీధిలో ఒక్కడూ లేడు. అయినా హెడ్‌స్టాక్ మీద, అంటే మెడ చివర పేరు రాసే పలక మీద, ఆ వంకర అక్షరాలను చూస్తే ఏదో గర్వం. నా మొదటి గిటార్ ఏ కంపెనీదో ఇక్కడ రాయను. తీగలు మెట్లకు ఎంత ఎత్తున ఉండేవంటే, కింద నుంచి పెన్సిల్ దూర్చవచ్చు. అయినా ఎవరైనా ఇంటికొస్తే దాన్ని గోడకు ఆనించి పెట్టే తీరులో జాగ్రత్త ఉండేది, పేరు గది గుమ్మం వైపు తిరిగి ఉండాలి.

ఇప్పుడు ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల ఇళ్ల బేస్‌మెంట్లలో వేలాడుతున్న గిబ్సన్‌లను, ఫెండర్లను చూస్తుంటాను. నలభై దాటాక, ఇంటి అప్పు కాస్త తేలికపడ్డాక కొన్నవి. చాలావాటి తీగలు తుప్పు పట్టి ఉంటాయి. అది డబ్బు దండగ అని కొందరు వెక్కిరిస్తారు. నేను వెక్కిరించను. పాతికేళ్లు ఒక ఆకారాన్ని మనసులో పెట్టుకుని తిరిగినవాడికి దాన్ని గోడకు తగిలించుకునే హక్కుంది. కాకపోతే నన్ను పట్టుకుని ‘దీని మహాగనీ కొయ్యలో ఉన్న వెచ్చదనం వేరే దేనిలోనూ లేదండీ’ అంటే మాత్రం ఊరుకోను.

ఎందుకంటే కొయ్య కథ కొంత తెలుసుకున్నాను. నేనుండే న్యూజెర్సీ నుంచి పెన్సిల్వేనియాలోని నజరెత్‌కు పొద్దున్నే బయలుదేరితే ఫ్యాక్టరీ చూసి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. 1833లో న్యూయార్క్‌లో మొదలైన మార్టిన్ కంపెనీ కొన్నేళ్లకే ఆ ఊరికి చేరి అక్కడే స్థిరపడింది. లోపల నన్ను ఆపేసినవి లేజరు యంత్రాలు కావు, బట్టల క్లిప్పులు. మనం దండెం మీద చీరలకు పెట్టేలాంటివే. గిటార్ పక్కపలకల లోపలి అంచుకు సన్నని కొయ్యపట్టీ జిగురుతో అంటించి, జిగురు ఆరేదాకా కదలకుండా చుట్టూ వరసగా ఆ క్లిప్పులు బిగిస్తారు. ముళ్లపందిలా నిక్కబొడుచుకున్న ఆ చట్రాన్ని చూస్తే, వేల డాలర్ల వాయిద్యం అని ఎవరూ అనుకోరు. ఆ పక్కపలకలు ముదురు గోధుమ రంగులో, ఊదా చారలతో ఉన్నాయి. అది మన దక్షిణ భారతపు రోజ్‌వుడ్, తెలుగులో జిట్రేగి. బ్రెజిల్ రోజ్‌వుడ్ దుంగలు దొరకడం గగనమైపోవడంతో మార్టిన్ 1969లో తన పేరున్న డి-28 మోడల్‌కు మన దేశపు కొయ్యను వాడడం మొదలుపెట్టింది.

అప్పటినుంచీ బ్రెజిల్ కొయ్య పాత గిటార్లకు విపరీతమైన ధర. ఆ నాదం మళ్లీ రాదని భక్తుల నమ్మకం. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ నమ్మకాన్నే పరీక్షకు పెట్టారు. అచ్చంగా ఒకే నమూనాలో ఆరు గిటార్లు చేయించారు. వెనక పలక, పక్కపలకల కొయ్య ఒక్కటే తేడా. బ్రెజిల్ రోజ్‌వుడ్, మన రోజ్‌వుడ్, మహాగనీ, మేపుల్, వాల్‌నట్ లాంటివి. 52 మంది గిటార్ వాద్యకారులకు వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టి, మసక చీకటిలో కూర్చోబెట్టి వాయించమన్నారు. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. ఖరీదైన కొయ్యకూ చవక కొయ్యకూ వాళ్లు వేసిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కళ్లకు గంతలు కట్టేసరికి చెవుల గొప్పతనం సగం దిగిపోయింది. ముందు పలక సంగతి వేరు, అది నాదానికి గుండె. నేను మాట్లాడుతున్నది మనం ఎక్కువ డబ్బు పోస్తున్న ఆ వెనక భాగం గురించే.

లెస్ పాల్ చరిత్ర ఇంకా ముచ్చటైనది. 1958 నుంచి 1960 దాకా గిబ్సన్ చేసిన సూర్యాస్తమయపు రంగుల లెస్ పాల్‌కు అప్పట్లో గిరాకీ లేదు. బరువని, పాతకాలపుదని పక్కన పెట్టేశారు. గిబ్సన్ ఆ ఆకారాన్నే మానేసి 1961లో కొత్తది తెచ్చింది. తర్వాత ఇంగ్లండ్‌లో ఎరిక్ క్లాప్టన్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు ఒక పాత లెస్ పాల్ కొని, మార్షల్ యాంప్లిఫయర్‌కు తగిలించి, 1966లో బ్లూస్ గాయకుడు జాన్ మేయల్‌తో రికార్డు చేశాడు. ఈనాడు ఆ మూడేళ్లలో తయారైన గిటార్ ఒక్కోటి లక్షల డాలర్లు పలుకుతుంది. కొయ్య అదే, నాదాన్ని పట్టే తీగచుట్ట అదే, తయారుచేసిన చేతులూ అవే. ఇక్కడ చెవికీ వాటా ఉంది, కాదనను. ఆ రికార్డు విని వెర్రెత్తినవాళ్లు నిజంగా విన్నారు. కాని విన్నది క్లాప్టన్ వేళ్లను, గొంతు చించుకుంటున్న మార్షల్‌ను. కొన్నది మాత్రం గిబ్సన్‌ను.

ఇక మోజు తీరాక ఏ గిటార్ ఒళ్లో మిగులుతుందన్నది పూర్తిగా చేతి వ్యవహారం. ఫెండర్‌లో తీగ మోగే నిడివి 25.5 అంగుళాలు, గిబ్సన్‌లో 24.75. ముప్పావు అంగుళమే తేడా. కాని ఒకే మందం తీగను ఒకే శ్రుతికి బిగిస్తే గిబ్సన్‌లో బిగువు తక్కువ, తీగ సులువుగా లొంగుతుంది. మన సంగీతం వాయించేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. గమకం పలకాలంటే తీగను లాగాలి. డెబ్బైలలో జాజ్‌నూ మన సంగీతాన్నీ కలిపిన శక్తి బృందం కోసం ఇంగ్లండ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌కు గిబ్సన్‌లో పనిచేసే ఏబ్రహం వెక్టర్ ఒక గిటార్ చేసిపెట్టాడు. మెట్ల మధ్య కొయ్యను గుంటలుగా చెక్కాడు, నాదం నింపడానికి అడ్డంగా అదనపు తీగలు కట్టాడు. హెడ్‌స్టాక్ మీద పేరు గిబ్సనే, కాని ఏ గిబ్సన్ దుకాణంలోనూ దొరకని వస్తువది.

తర్వాత అదే మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించిన మన పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ మాటేమిటి? జంట తీగల మాండలిన్ గమకానికి పనికిరాదని ఒంటి తీగలకు మార్చుకుని, ఐదో తీగ చేర్చుకుని, విద్యుత్ పికప్‌తో కర్ణాటక సంగీతాన్ని దాని చేత పలికించాడు. ఆయన మాండలిన్ ఏ కంపెనీదని కచేరీ నుంచి బయటికొచ్చేవాళ్లు అడగడం నేనెప్పుడూ వినలేదు. వీణకైనా అంతే, బొబ్బిలి వీణ, నూజివీడు వీణ అంటాం. ఊరి పేరే దాని హెడ్‌స్టాక్.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మన తెలుగు సంఘం తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘మా వాడు గిటార్ అంటున్నాడు, ఏ కంపెనీది మంచిది?’ పిల్లవాడు అప్పటికే వీడియోలో ఎవరినో చూసి నల్లదో నీలందో ఒకటి ఎంచుకుని ఉంటాడు. తండ్రి సమీక్షలన్నీ చదివి, చార్టు వేసి, నాణ్యత బాగుందని గోధుమ రంగుది కొంటాడు. ఆరు నెలలకు అది పెట్టెలోకి వెళుతుంది. నా మాట వినండి, నీలందే కొనండి. వాడి కంటికి నచ్చిందే రోజూ వాడి చేతికి వస్తుంది. చిన్న పిల్లలైతే మూడొంతుల సైజు చూడండి. పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య ఖాళీ రెండున్నర మిల్లీమీటర్లకు మించి ఎక్కువగా ఉంటే, షాపులో అడిగి తగ్గించమనండి. దానికి అయ్యే ఖర్చు, పేరున్న కంపెనీ కోసం పెట్టే అదనపు డబ్బు కన్నా చాలా తక్కువ. పిల్లల వేళ్లు నొప్పి పుట్టి మానేస్తే, హెడ్‌స్టాక్ మీద ఏ పేరుంటే ఏం?

సాంస్కృతిక కమిటీకి ఒక ప్రతిపాదన పంపాను. వచ్చే ఉగాది వేడుకల్లో రెండు బల్లలు వేయిద్దాం. ఒకటి పిల్లలకు, రంగురంగుల గిటార్లతో, ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకుని మోగించుకోవచ్చు. రెండోది పెద్దలకు. అక్కడ హెడ్‌స్టాక్‌లకు గుడ్డ చుట్టి ఉంటుంది, వాయించేవాళ్ల కళ్లకు గంతలుంటాయి. మహాగనీ వెచ్చదనం గురించి నాతో వాదించినవాళ్లందరికీ మొదటి వరసలో చోటుంచుతాను. గిటార్లు అరువివ్వగలవాళ్లు కమిటీకి ముందుగా చెప్పండి, తుప్పు పట్టిన తీగలు మార్చే పని నాది.