ఎంఓయూ కుదిరింది, ఇక ఉద్యోగాలే తరువాయి

కాలేజీ, కంపెనీ చేతులు కలిపి పిల్లలకు సాంకేతిక శిక్షణ ఇవ్వాలన్న మాట దేశమంతా మారుమోగుతుంటే, ఒడిశా సరిహద్దులో తెలుగు మాట్లాడుకునే మనం వెనకబడిపోతామేమోనని కొందరు దిగులుపడ్డారు. నిశ్చింతగా ఉండొచ్చు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, ఎక్కడ చూసినా చేతులు కలుస్తూనే ఉన్నాయి. ఎడమవైపు ప్రిన్సిపాల్ గారు, కుడివైపు కంపెనీ హెచ్‌ఆర్ మేనేజర్ గారు, మధ్యలో ఎంఓయూ, అంటే ఇద్దరి అవగాహన ఒప్పందం ఉన్న ఒకే ఫైలు. దాన్ని చెరో కొసా పట్టుకుని ఇద్దరూ కెమెరాలోకి చూస్తారు. ఫైల్లోకి చూసిన దాఖలాలు మాత్రం లేవు.

ఈ విషయంలో అమెరికావాళ్లది ఇంకా మొరటు పద్ధతే. అరిజోనాలో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలకు మనుషులు కావాలని 2022లో మారికోపా కమ్యూనిటీ కాలేజీల్లో (చుట్టుపక్కల వాళ్లకు చదువూ పనీ నేర్పే స్థానిక కాలేజీలు) పది రోజుల కోర్సు మొదలుపెట్టారు. చిప్పులు చేసే ఇంటెల్ కంపెనీ ఉద్యోగులే వచ్చి పాఠం చెప్పారు. ఫ్యాక్టరీలో వేసుకునే తెల్ల సూటు తొడుక్కోవడం దగ్గర్నుంచీ చేయించారు. ఒప్పందం మీద అంత అపనమ్మకం ఎందుకో! సంతకమయ్యాక కూడా కంపెనీ మనిషి కాలేజీ గుమ్మం తొక్కాల్సి వస్తే ఇక ఆ సంతకానికి విలువేముంది?

యూజీసీ కూడా 2013లో కమ్యూనిటీ కాలేజీల పథకం తెచ్చినప్పుడు చుట్టుపక్కల పరిశ్రమకు ఏ పని కావాలో కనుక్కుని అదే నేర్పమంది. మన చుట్టూ పరిశ్రమకేం లోటు? దమన్‌జోడిలో నాల్కో అల్యూమినా, సునాబెడలో హెచ్‌ఏఎల్ విమాన ఇంజన్లు, రాయగడ పక్కనే జేకే కాగితం మిల్లు. ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు కావాలని రోడ్డు మీద పోయేవాడు కూడా చెబుతాడు. అంత తేలిగ్గా తట్టే కోర్సు పెడితే దూరదృష్టి అనిపించుకోదు కదా. అందుకని డేటా ఎంట్రీ పెట్టారు. ఈ మధ్య దానికి ముందు ఏఐ అని చేర్చారు. కంప్యూటర్లు అవే.

యంత్రాలు రాలేదని నిందించకూడదు, వచ్చాయి. బరంపురం ఐటీఐ పిల్లలు తుక్కు ఇనుముతో శిల్పాలు చేసి పేరు తెచ్చుకున్నారు. మా వైపు ఒక కాలేజీ ఇంకో అడుగు ముందుకేసి, కంప్యూటర్‌తో నడిచే కొత్త సీఎన్‌సీ లేత్ మిషన్‌నే శిల్పంగా నిలబెట్టింది. ప్లాస్టిక్ కవరు విప్పలేదు. త్రీ ఫేజ్ లైను లాగలేదు. గది తాళం స్టోర్ సారు దగ్గరుంది, స్టోర్ సారు డిప్యుటేషన్‌లో ఉన్నారు. పిల్లలు కిటికీలోంచి చూసి బొమ్మ గీస్తారు. రికార్డులో ఆ బొమ్మకు మంచి మార్కులే పడుతున్నాయి.

ఇక బోధన. పుస్తకం ఇంగ్లీషులో, పాఠం ఒడియాలో, వీడియో హిందీలో, అనుమానం తెలుగులో. ‘అర్థం కాలేదు సార్’ అని ఏ భాషలో అనాలో తేల్చుకునేలోగా సెమిస్టర్ అయిపోతుంది. ‘ఏటి నేర్చుకున్నావురా?’ అని తాత అడిగితే మనవడు ‘మాడ్యూల్ త్రీ’ అన్నాడు. అదేదో పెద్ద యంత్రమనుకుని తాత వీధంతా చెప్పుకొచ్చాడు.

శిక్షణ తర్వాత అప్రెంటిస్‌షిప్. ఇక్కడ 1961 నాటి చట్టం ఎంత ముందుచూపుతో రాశారో ఒప్పుకోవాలి. దాని ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందేవాడే తప్ప కార్మికుడు కాడు. కార్మికుడి పక్కన నిలబడి, కార్మికుడి పనే, కార్మికుడి షిఫ్టు అంతా చేసినా కాడు. ఏడాదంతా ఒకే స్క్రూ బిగించాడని తల్లి వాపోతే, ఆ స్క్రూ గురించి దేశంలో ఇంకెవరికీ అంత తెలియదని గమనించాలి. పైగా జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయల దాకా సర్కారే భరిస్తుంది. నేర్చుకునే కుర్రాడికీ సాయం, నేర్పే శ్రమ పడుతున్న కంపెనీకీ ఓదార్పు.

ఐటీఐలను బాగుచేసేందుకు 2025 అక్టోబరులో మొదలైన కేంద్ర పథకం పీఎం-సేతు ఇంకా ఘనమైనది. వెయ్యి ఐటీఐలు, 60,000 కోట్లు. కేంద్రం 30,000 కోట్లు, రాష్ట్రాలు 20,000 కోట్లు, పరిశ్రమలు 10,000 కోట్లు వేస్తాయి. నడిపించే బాధ్యత ప్రధానంగా పరిశ్రమలదే. మజ్జిగౌరమ్మ ఉత్సవానికి ఆరో వంతు చందా వేసి కమిటీ అధ్యక్షుడైన వాడిని నేనింతవరకూ చూడలేదు. ఊళ్లో వాళ్లకు మేనేజ్‌మెంట్ తెలియక గానీ, ప్రయత్నించదగ్గ పద్ధతే. ఆ వెయ్యిలో 200 హబ్‌లు, అంటే ప్రధాన కేంద్రాలు, 800 స్పోక్‌లు, అంటే వాటికి తగిలించే అనుబంధాలట. మన వంతు ఏది వస్తుందో ఊహించడానికి ఏఐ అక్కర్లేదు.

లెక్కల దగ్గర మాత్రం సర్కారు ఖర్చులు తనిఖీ చేసే కాగ్ వాళ్లు కాస్త తొందరపడ్డారు. నైపుణ్య శిక్షణ ఇచ్చే ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మీద 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన నివేదికలో, అభ్యర్థుల బ్యాంకు ఖాతా గడుల్లో 11111111111 లాంటి అంకెలున్నాయని తప్పుపట్టారు. డేటా ఎంట్రీ నేర్పే దేశంలో ఎవరో ఒకరు ఒకటో అంకె మీద ప్రాక్టీసు చేసి ఉంటారని ఎందుకు అనుకోకూడదు? రెండు, మూడు తర్వాతి మాడ్యూల్‌లో వచ్చేవేమో.

ఇన్ని విజయాల మధ్య ఒక్క చిన్న సవరణ కోరుతున్నాను. కోర్సు అయిన కుర్రాళ్లు చివరికి ఎక్కేది ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్. రాయగడలో ఎక్కితే తిరుప్పూరులో దిగొచ్చు. అక్కడ బనియన్ల ఫ్యాక్టరీలో, ఏ ఎంఓయూ లేకుండానే, ముందెళ్లిన మన ఊరి అన్న ఒకడు రెండు వారాల్లో పని నేర్పేస్తాడు. కాబట్టి కాలేజీలో ఖాళీగా ఉంటున్న ప్లేస్‌మెంట్ సెల్‌ను రైల్వే స్టేషనుకు మార్చాలి. బెర్త్ దొరికినవాణ్ణి ప్లేస్‌మెంట్ కింద, జనరల్ బోగీలో నిలబడి వెళ్లినవాణ్ణి ఇంటర్న్‌షిప్ కింద రాసుకోవచ్చు.