కిరీటం బరువు, కాడి బరువు

2023 మే 6న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబేలో జరిగిన మూడో చార్లెస్ పట్టాభిషేకాన్ని టీవీలో చూసినవారికి ఒక ఘట్టం మాత్రం కనబడలేదు. రాజవస్త్రాలు తీసేసి తెల్ల చొక్కాతో కూర్చున్న రాజు చుట్టూ తెరలు నిలిపారు. ఆ చాటున కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆయన చేతులకు, రొమ్ముకు, తలకు నూనె పూశారు. ఒలీవల కొండ మీది కాయల నూనె అది. యెరూషలేములో ప్రతిష్ఠించి తెచ్చారు. తెర తొలగాక మళ్లీ బంగారు అంగీ, రాజదండం, 444 రాళ్లు పొదిగిన రెండు కిలోల పైచిలుకు కిరీటం. అంతకుముందు ఒక బాలుడు రాజాధిరాజైన క్రీస్తు పేరిట స్వాగతం పలికితే, ఆయన మాదిరిగానే తానూ సేవ చేయించుకోవడానికి కాక సేవ చేయడానికి వచ్చానన్నారు చార్లెస్. ఆ మాట సువార్తలోది. కిరీటం 1661 నాటిది.

1661 ఎందుకంటే, పాత కిరీటాన్ని కరిగించేశారు. రాజులను దేవుళ్లనడం సబబేనని ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ 1610లో పార్లమెంటుకే చెప్పాడు. 1649 జనవరి 30న ఆయన కొడుకు మొదటి చార్లెస్ తల నరికించింది పార్లమెంటు పక్షమే; ఆ తర్వాత కిరీటాన్ని కరిగించిందీ వాళ్లే.

లోకంలో రాజుకే ఇంత వైభవముంటే పరలోక రాజుకు ఇంకెంత ఉండాలి అని మన చర్చి ప్రసంగాల్లో తరచు వింటాం. రాజులో విష్ణ్వంశను చూడటం తరతరాలుగా అలవాటైన నేల మీద ఈ పోలిక ఇట్టే అతుక్కుంటుంది. బైబిలు మాత్రం దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోదు.

సమూయేలు మొదటి గ్రంథం ఎనిమిదో అధ్యాయం తెరవండి. చుట్టుపక్కల జనాలందరికీ ఉన్నట్టే మాకూ రాజు కావాలని ఇశ్రాయేలు పెద్దలు వచ్చి కూర్చున్నారు. వాళ్లు కాదంటున్నది నిన్ను కాదు, నన్ను అని దేవుడు ప్రవక్త సమూయేలుకు చెబుతాడు. ఆ తర్వాత వచ్చేది ఒక జాబితా. మీ కొడుకులను రథాల ముందు పరుగెత్తిస్తాడు. మీ కూతుళ్లను వంటకు, రొట్టెలు కాల్చడానికి పెట్టుకుంటాడు. మంచి పొలాలు, ద్రాక్షతోటలు, ఒలీవ తోటలు తీసుకుని తన నౌకర్లకు ఇస్తాడు. పంటలో, మందలో పదో వంతు పట్టుకుపోతాడు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అని మనవాళ్లు ఒక్క ముక్కలో తేల్చిన సంగతిని సమూయేలు పద్దు రాసినట్టు చదివి వినిపించాడు. అయినా జనం వినలేదు.

సొలొమోను రాజు పోయాక ఆ పద్దు లెక్క తేలింది. మీ తండ్రి పెట్టిన బరువైన కాడిని కాస్త తేలిక చెయ్యమని జనం ఆయన కొడుకు రెహబామును బతిమాలారు. అతనేమో, నా తండ్రి కొరడాలతో కొట్టాడు, నేను తేళ్లతో కొడతానన్నాడు. పది గోత్రాలు విడిపోయాయి. నా కాడి సుళువు, నా భారం తేలిక అని యేసు అన్నప్పుడు ఆ మాటను భక్తి పాటలా వింటాం కానీ, ఈ కథ ఎరిగిన యూదుల చెవిలో అది పన్ను మాట, వెట్టి మాట కూడా అయివుంటుందని నాకనిపిస్తుంది.

అందుకే, దేవుని రాజ్యం ఇక్కడి రాజ్యాలకు పెద్ద సైజు నమూనా అంటే నాకు ఒప్పుదల కాదు. అది వాటి మీద తీర్పు. మట్టల ఆదివారం నాడు మనం ఊరేగించే రాజు ఎక్కింది గాడిద. ఆయనకు అంగీ తొడిగి, ముళ్ల కిరీటం పెట్టినవాళ్లు ఎగతాళి పట్టిస్తున్న సైనికులు. "కైసరు తప్ప మాకు వేరొక రాజు లేడు" అని, రోమా చక్రవర్తి పేరెత్తి అరిచినవాళ్లు దేవాలయపు ప్రధాన యాజకులు. రాజు కావాలన్న ఆ పాత కోరిక అక్కడ పూర్తయింది.

క్రైస్తవ సంఘం కూడా ఇందులో తప్పించుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా, జర్మనీ, ఆస్ట్రియా సింహాసనాలు కూలాక, ఇటలీలో ముస్సోలినీ పెరుగుతున్న రోజుల్లో, 1925లో పోపు పదకొండో పయస్ క్రీస్తు రాజు పండుగను నెలకొల్పాడు. నియంతలకు అది గట్టి జవాబే. కానీ ఆ పండుగ పటాల్లో చాలాచోట్ల క్రీస్తు తల మీద ఉండేది బంగారు కిరీటం.

మన మహాసభల వేదికల మీదా చూడండి. నగిషీ చెక్కిన ఎత్తు వీపు కుర్చీ, ఎర్ర మఖమలు దిండు, ముందు గాజు బల్ల. ఒకసారి అలాంటి కుర్చీలోంచి లేచిన బోధకుడు శిష్యుల కాళ్లు కడిగిన భాగం మీద గంటసేపు చక్కగా మాట్లాడి వెళ్లి అందులోనే కూర్చున్నాడు. కింద జనం చాపల మీద ఉన్నారు. మైకులో "నీ రాజ్యము వచ్చుగాక" అని ప్రార్థన మొదలైంది.